దాణా గోదాములో తేడా గడి

నేను ఏడో తరగతిలో లెక్కల పుస్తకం మూసేసి బడి నుంచి బయటికి వచ్చాను. ఇన్నేళ్ల తర్వాత లెక్కలు నా వెంటపడి మళ్లీ పట్టుకుంటాయని తెలిస్తే, ఆ రోజు పుస్తకాన్ని కొంచెం మర్యాదగా మూసేదాన్ని.

షామీర్‌పేట నుంచి మేడ్చల్ పోయే దారిలో, ఒకప్పుడు ద్రాక్ష తోట ఉన్న నేలమీద రేకుల షెడ్లు వేసి మా యజమాని కోళ్ల దాణా అమ్ముతాడు. అక్కడి భూముల ఆసామి కాబట్టి ఆయన్ని అందరం పటేలా అనే పిలుస్తాం. మిల్లుల నుంచి లారీల మీద బస్తాలు వస్తాయి, చుట్టుపక్కల కోళ్ల ఫారాలకు ట్రాలీల మీద పోతాయి. మధ్యలో కొన్నాళ్లు మా దగ్గర చుట్టాల్లా కూర్చుంటాయి. నేను మొదట ఆ బస్తాల చిరుగులు కుట్టేదాన్ని, రాలిన దాణా ఊడ్చేదాన్ని. తర్వాత బల్ల దగ్గర లెక్క రాసే ఆయన ప్లాట్లు అమ్మే పనిలోకి వెళ్లిపోయాడు. బస్తాలు మన మాట వినవు, కొనేవాళ్లయితే వింటారని ఆయన నమ్మకం. పటేలు నాలుగు పక్కలా చూసి నన్ను పిలిచాడు.

"నీకు రాయొస్తది గదా?"

"వస్తది పటేలా. నేన్రాసింది చదివేటోళ్లకే కష్టమైతది."

"నోరెట్లాగూ మూయవు. గా కుర్చీల కూసోని మూయకు పో."

అలా నాకు కుర్చీ వచ్చింది. కుర్చీతో పాటు కంప్యూటర్ వచ్చింది. కంప్యూటర్‌తో పాటు పటేలు చిన్న కోడలు వచ్చింది. కొంపల్లిలో ఉంటుంది, అకౌంట్స్ చదివింది, వారానికి రెండు రోజులు కారు నడుపుకుంటూ వస్తుంది. నన్ను అక్కా అంటుంది, నేను మేడం అంటాను. మొదటి రోజు ఆమె తెర మీద గళ్లు గీసి చూపించింది. పొద్దున ఎన్ని బస్తాలున్నాయి, ఎన్ని వచ్చాయి, ఎన్ని పోయాయి, సాయంత్రానికి ఎన్ని ఉండాలి, నిజంగా ఎన్ని ఉన్నాయి, చివర తేడా ఎంత. రోజుకో వరుస. సాయంత్రం మిగిలినవి మర్నాడు పొద్దుటి గడిలోకి వాటంతటవే వచ్చి కూర్చోవాలి.

"నువ్వు అంకె కొట్టకూడదు అక్కా. సమానం గుర్తు పెట్టి, ఏ గడిలో చూడాలో చెప్పు. అది చూసుకుంటుంది."

"అంటే పని చెప్తే చాలా? నేను చేయనక్కర్లేదా?"

"చెప్పడం సరిగ్గా చెప్పాలి."

అక్కడే ఉంది కష్టం. ఇంట్లో మొగుడికి పని చెప్పినట్టు సగం చెప్పి సగం సైగ చేస్తే కంప్యూటర్ ఒప్పుకోదు. ఒకసారి తేడా గడిలో తేడా గడి పేరే రాశాను. తనను తానే అడిగి, తానే జవాబు చెప్పుకునే గడి తయారైంది. అది కుదరదని తెర మీద పెద్ద డబ్బా తెరుచుకుంది. అలాంటి మనిషి మా ఇంట్లో ఒకరున్నారు, హాయిగా బతుకుతున్నారు. కంప్యూటర్‌కే ఎందుకో అంత పట్టుదల.

నాకూ పట్టుదల వచ్చింది. రోజూ ట్రాలీలు వెళ్లాక కూర్చుని గళ్లతో కొట్లాడేదాన్ని. ఒక గడిలో రాసిన సూత్రాన్ని మూల పట్టుకుని కిందికి లాగితే నెల మొత్తానికి పాకుతుందని తెలిసిన రోజు, మగ్గం మీద చీర దిగినట్టు అనిపించింది. తర్వాత ఇఫ్ అనే సూత్రం నేర్చుకున్నాను. ఇలా ఉంటే అలా, లేకుంటే ఇలా అని ముందే తెగేసి చెప్పే సూత్రం అది. ఉండాల్సిన బస్తాలూ ఉన్న బస్తాలూ ఒకటైతే గడి ఖాళీగా ఉండాలి, కాకపోతే ఎర్రబడి "బస్తా ఏది?" అని అడగాలి అని రాశాను. మేడం చూసి నవ్వింది.

"ఎర్రర్ అని రాస్తారు అక్కా, అందరూ."

"గోదాముల గా మాట ఎవలకు అర్థమైతది మేడం? బస్తా ఏది అంటే అందరూ తిరిగి జూస్తరు."

అదే అయింది. అందరూ తిరిగి చూశారు.

పాత రోజుల్లో సరుకు మొత్తం ఏడాదికి ఒకసారి, దీపావళి ముందు లెక్కపెట్టేవాళ్లు. తక్కువైనవి ఎలుకల ఖాతాలోకి పోయేవి. ఎలుకలు వచ్చి కాదనేవి కావు. ఇప్పుడు రోజూ సాయంత్రం లెక్క. మొదటి కొన్నాళ్లు గళ్లు చల్లగా ఉన్నాయి. తర్వాత ఒక సాయంత్రం ఒక బస్తా తక్కువైంది, గడి ఎర్రబడింది. రెండు రోజులు బాగుంది. మళ్లీ ఎరుపు, ఈసారి రెండు బస్తాలు. అలా వస్తూ పోతూ, మలేరియా జ్వరంలా. పటేలు ఫోన్‌లో కూడా ఆ గళ్ల కాగితం కనబడేలా మేడం ఏర్పాటు చేసింది. ఆయన ఊరి రాజకీయాల మనిషి, ఎప్పుడూ ఎక్కడో ఒక మీటింగ్‌లో ఉంటాడు. మీటింగ్ మధ్యలో ఫోన్ తీసి చూస్తే గడి అడుగుతోంది, బస్తా ఏది అని.

ఒక రోజు నేరుగా గోదాముకు వచ్చి హమాలీల పెద్దను పిలిచాడు.

ఈ పెద్దాయనది అలియాబాద్. వాళ్ల తాతలు చెరువులో చేపలు పట్టేవాళ్లు, ఆయన మాత్రం మీసం రాకముందే బస్తా ఎత్తాడు. ముఠా అంతా ఆయన చుట్టాలే. తమ్ముళ్లు, తమ్ముళ్ల కొడుకులు, చీపురు పట్టే ఆడవాళ్లు, అందరి పొయ్యీ ఈ గోదాము మీదే వెలగాలి. నాకు చుట్టం కాకపోయినా నేను పెద్దబాపు అనే పిలుస్తాను. దబ్బనం పట్టుకోవడం, బస్తా మూతి మడత పెట్టడం ఆయనే నేర్పాడు. నా జోకులకు ఎప్పుడూ నవ్వడు. అందుకే మరీ ఎక్కువ వేస్తాను.

పటేలు ఫోన్ ఆయన ముఖం ముందు పెట్టాడు. "గిది జూసినవా? గీ ఎర్రవి ఏందో ఎరికేనా?"

"నాకు సదువు రాదు పటేలా. మీరే జెప్పుండ్రి."

"బస్తాలు పోతున్నయ్. తాళం నా తాన, లెక్క గీమె తాన. బస్తాల మీద చెయ్యేసేది మీరొక్కలే."

షెడ్డులో ఊడ్చేవాళ్ల చీపుర్లు ఆగిపోయాయి. పెద్దబాపు భుజం మీది తువ్వాల తీసి మడతపెట్టి చేతిలో పట్టుకున్నాడు. "నన్ను దొంగ అంటున్నవా పటేలా?"

"నేనంట లేను. నెలాఖరుకు మొత్తం లెక్కవెట్టిస్త. గప్పటికి గిదెట్లయ్యిందో తేలకుంటే కుత్బుల్లాపూర్ కాంట్రాక్టర్ ఉన్నడు, ఆయన మనుషులను పెడ్త. మీరు వేరే పని జూస్కోండ్రి."

పటేలు కారు వెళ్లిపోయింది. ట్రాలీ ఒకటి సగం నిండి నిలబడి ఉంది. పెద్దబాపు నా బల్ల దగ్గరికి వచ్చి, నన్ను కాకుండా కంప్యూటర్‌ను చూస్తూ అన్నాడు. "నీ డబ్బా రాకముందు గోదాముల దొంగ లేడు బిడ్డా. డబ్బా వచ్చింది, దొంగొచ్చిండు."

ఆ రోజు నుంచి ఆయన నా దగ్గర చాయ్ తాగడం మానేశాడు. గేటు అవతల హోటల్లో తాగుతున్నాడు, అక్కడి చాయ్ ఎంత నీళ్లగా ఉంటుందో నాకు తెలుసు. నేను కూడా ఆ పూట జోక్ వేయలేదు. దానికి ఊడ్చే ఆడవాళ్లు పటేలు బెదిరింపు కంటే ఎక్కువ భయపడ్డారు.

ఆలోచించాను. గడి అబద్ధం చెప్పలేదు. కానీ సగమే చెప్పింది. ఎన్ని తక్కువో చెప్పింది, ఎందుకు తక్కువో చెప్పలేదు. ఎందుకో చెప్పే నోరు దానికి లేదు. నోరు నాకుంది. నెలాఖరు లోపల ఆ రెండో సగం నేను తేవాలి, లేకపోతే ఇన్ని పొయ్యిలు ఆర్పిన మనిషిగా ఆ కుర్చీలో కూర్చోవాలి. ఆ కుర్చీ నాకు వద్దు.

మేడం వచ్చిన రోజు ముందు సూత్రాలన్నీ ఒక్కొక్కటిగా విప్పి చూపించాను. తప్పు నాదైతే గొడవే లేదు, నన్ను తిట్టి ఊరుకుంటారు. ఆమె కళ్లద్దాలు సర్దుకుని అన్నీ చూసింది.

"సూత్రాలు కరెక్ట్ అక్కా. బాగా రాశావు."

"బాగ రాసినందుకు ఏడుస్తున్న మేడం."

ఆమె కాసేపు పెన్ను కొరికి, "రోజుకి ఒక వరుస కాబట్టి రోజంతా ఏం జరిగిందో కలిసిపోతోంది. బండికి ఒక వరుస పెడదాం. ప్రతి ట్రాలీ వెళ్లాక షెడ్డులో ఎన్ని మిగిలాయో రాయి. ఏ బండి దగ్గర మారుతోందో అదే చెబుతుంది" అంది.

వచ్చే లారీలతో బాధ లేదు. అవి కాంటా మీదుగా వస్తాయి, తూకం చీటీ ఉంటుంది. పోయే ట్రాలీలను ఎవరూ కాంటా ఎక్కించరు. హమాలీల్లో ఒకరు ట్రాలీ వెనక నిలబడి, ఎక్కే ప్రతి బస్తాకూ గట్టిగా అంకె పలుకుతారు. అదే లెక్క. నేను ఆ అంకె రాసుకుంటాను. నేనే పోయి ట్రాలీ పక్కన నిలబడి లెక్కపెట్టవచ్చు కదా అని మేడం అడిగింది. అది కుదరదు. ముఠాలో ఒకరు పలుకుతుండగా ఇంకొకరు పక్కన నిలబడి మళ్లీ లెక్కపెడితే, నువ్వు దొంగవి అని ముఖం మీద అన్నట్టే. అప్పటికే ఒకసారి అన్నారు. రెండోసారి నా వేలితో అనిపించలేను.

అందుకని లోపల మిగిలినవి లెక్కపెట్టాను. బస్తాలు షెడ్డులో గోడలా పేర్చి ఉంటాయి, ముందు వరుస చూసి, నిచ్చెన ఎక్కి వెనక వరుస చూసి, గుణించాలి. ట్రాలీ గేటు దాటగానే నేను చీర కొంగు దోపుకుని నిచ్చెన ఎక్కేదాన్ని. పైన రేకుల కింద దాణా దుమ్ము, వేడి. దిగేసరికి నన్ను కూడా ఏదో ఫారానికి పంపవచ్చు అన్నట్టుండేదాన్ని.

హమాలీలు ఊరుకుంటారా?

"ఏందే, బస్తాలకు పెండ్లిసూపులా?"

"అవ్ గని, ఒక్కటి గూడ నిన్ను ఒప్పుకుంట లేదు. లావున్నడు అంటున్నయ్."

నవ్వులు. పెద్దబాపు అటు తిరిగి నిలబడ్డాడు, నవ్వలేదు. కానీ నిచ్చెన ఊగుతోంటే వచ్చి కాలితో తొక్కి పట్టుకున్నాడు. నేను దిగాక కాలు తీసి వెళ్లిపోయాడు.

వరుసలు పెరిగాయి. కొన్ని ట్రాలీల దగ్గర గడి ఖాళీ, కొన్నింటి దగ్గర ఎరుపు. ఎర్రబడిన ప్రతిచోటా ఒకే ఒక్క బస్తా తక్కువ. దొంగ అయితే ఇంత పద్ధతిగా ఉంటాడా అని అప్పుడే అనుమానం వచ్చింది. దాణా రకాన్ని బట్టి చూశాను, లేదు. ఫారాన్ని బట్టి చూశాను, డ్రైవర్‌ను బట్టి చూశాను, అదీ లేదు. తర్వాత మరో నిలువు వరుస పెట్టాను, ఆ ట్రాలీకి అంకె పలికింది ఎవరు అని. తెర మీద గరాటు బొమ్మ ఒకటి ఉంటుంది. దాన్ని నొక్కితే అడిగినవే ఉంచి మిగతావన్నీ దాచేస్తుంది. పెద్దబాపు పలికినవి ఉంచమన్నాను. ఒక్క ఎరుపూ లేదు. రెండో మనిషివి ఉంచమన్నాను. పై నుంచి కింది దాకా ఎరుపే.

సంతోషపడాల్సింది. గబగబా గరాటు మళ్లీ నొక్కి వరుసలన్నీ బయటికి తెచ్చేశాను.

ఆ రెండో మనిషి పెద్దబాపు అల్లుడు. పెద్దాయనకు ఈమధ్య మోకాలు పట్టేయడంతో ఎక్కువసేపు నిలబడలేకపోతున్నాడని, కరీంనగర్ దిక్కు రైస్ మిల్లులో పనిచేసే అల్లుడిని పిలిపించి, నొప్పి ఎక్కువైనప్పుడు కొన్ని ట్రాలీలు అప్పగిస్తున్నాడు. వరస ప్రకారం నాకు బావ. నుదుటిన విభూతి, జేబులో దువ్వెన, మాట మెత్తన. పొద్దున్నే గోదాము గడపకు దండం పెట్టి లోపలికి వస్తాడు. ఈ మనిషి దొంగ అని తేలితే పెద్దబాపుకు పని పోవడం ఒక్కటే కాదు, తల కూడా పోతుంది. తన బిడ్డ మొగుణ్ని తనే తెచ్చి పెట్టుకున్నాడు కదా.

మేడం తన ఫోన్‌లో ఆ నిలువు వరుస చూసేసింది. ఫోన్ చేసింది. "అక్కా, హమాలీల పెద్దాయనతో ముందు చెప్పాలా, మా మామయ్యతో చెప్పాలా?"

"ఎవలకూ జెప్పకుండ్రి. గడి ఇప్పటిదాక ఎవలో చెప్పింది. ఎట్లనో చెప్పలే. నేను కండ్లతో జూడాలె."

"నెలాఖరు దగ్గరికి వచ్చేసింది."

"గందుకే జల్ది జూస్త."

"సరే. అప్పటిదాకా నేను నోరు విప్పను. నువ్వు తేల్చు" అని పెట్టేసింది. ఆ అమ్మాయి మీద నాకు గౌరవం ఉండేదే, ఆ రోజు ప్రేమ పుట్టింది.

మర్నాడు బావ పలికే ట్రాలీ దగ్గరికి చాయ్ కేటిల్ పట్టుకుని పోయాను. లెక్కపెట్టడానికి కాదు. వేళ్లు కూడా కేటిల్‌కే చుట్టి పెట్టాను, అనుమానం రాకుండా. హమాలీలు లోపల వరుసగా బస్తాలు ఎత్తుకుని నిలబడ్డారు. బావ ట్రాలీ వెనక చెక్క మీద ఎడమ చెయ్యి వేసి, కళ్లు మూసుకుని, గట్టిగా అన్నాడు.

"లాభం!"

ఆ మాట వినబడగానే మొదటి హమాలీ కదిలాడు. బావ పక్క నుంచే పోయి బస్తా ట్రాలీలోకి వేసి వెనక్కి వచ్చేశాడు. బావ పెదవులు ఇంకా కదులుతున్నాయి, ఏదో దేవుడి పేరు. కళ్లు తెరిచాడు. రెండో హమాలీ వస్తున్నాడు.

"ఒకటి!"

నేను కేటిల్ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. చాయ్ పొయ్యమని ఎవరో అరిచారు.

మా దగ్గర ధాన్యమైనా దాణా అయినా మొదటిదాన్ని ఒకటి అని పలకరు. మంచి మాటతో మొదలు కావాలని లాభం అంటారు. లాభం, రెండు, మూడు, అలా. లాభం అన్నప్పుడు పోయింది మొదటి బస్తా, అందులో ఎవరికీ సందేహం లేదు. పెద్దబాపు నోట ఇన్నేళ్లు ఆ మాట విని విని, ముఠా కాళ్లు దానికి అలవాటు పడ్డాయి. ఆ మాట వింటే కాళ్లు వాటంతటవే నడుస్తాయి, తర్వాత పలికే అంకె ఏమిటో మోసేవాళ్లకు పట్టదు. బావ పనిచేసిన మిల్లులో పద్ధతి వేరని తర్వాత ఆయనే చెప్పాడు. అక్కడ ఒక్క బస్తా కూడా కదలకముందే బండి మీద చెయ్యి వేసి, కళ్లు మూసుకుని దేవుడికి లాభం చెప్పుకుంటారు. తర్వాత కళ్లు తెరిచి ఒకటి నుంచి మొదలుపెడతారు. రెండూ మంచి పద్ధతులే. రెండూ ఒకే ట్రాలీ దగ్గర కలవడమే తప్పు. ట్రాలీకి ఒక బస్తా లెక్కలోకి రాకుండా, భక్తి చాటున ఊరేగుతూ పోతోంది.

ట్రాలీ పోయాక బావను పక్కకు పిలిచాను.

"బావా, లాభం అన్నప్పుడు బస్తా యాడుంటది?"

"యాడుంటది? లోపట్నే."

"కండ్లు దెర్సి సూసినవా?"

"దేవుని పేరు కండ్లు దెర్సి తీస్తరానె ఎవలన్న?"

చూసింది చెప్పాను. బావ ముఖం ముందు ఎర్రబడింది, తర్వాత తెల్లబడింది. "నన్ను దొంగ జేస్తున్నవా మరదలా? మా మామ ముందట నన్ను నిలవెడ్తవా?" ఎంత చెప్పినా తలకెక్కలేదు. పటేలుకైనా తలకెక్కదని అప్పుడే అర్థమైంది. అల్లుణ్ని కాపాడటానికి నలుగురూ కలిసి అల్లిన కథ అంటాడు. పోయిన బస్తాలు ఎక్కడికి చేరాయో ఆ చోటు నుంచే సాక్ష్యం రావాలి.

అందుకని ఎర్ర గళ్ల పక్కనున్న ఫారాల పేర్లు రాసుకుని, మర్నాడు దాణా ట్రాలీలో డ్రైవర్ పక్కన ఎక్కి కూర్చున్నాను. మొదటి ఫారం షామీర్‌పేట చెరువుకు అవతలి పక్క. కోళ్ల కంపు, ఫ్యాన్ల మోత, మధ్యలో నడుము మీద చెయ్యి పెట్టుకున్న ఆమె, ఫారం ఓనరు.

"అక్కా, మా బండిల ఒక బస్తా ఎక్కువ దిగుతున్నదా?"

"దిగుతది."

"మరి జెప్పలేదేంది?"

"కొసరు అనుకున్న."

"కొసరు పిడికెడుంటది గదక్కా! బస్తాడుంటదా?"

"మీ పటేలుది పెద్ద చెయ్యి అనుకున్న. ఓట్లొస్తున్నయ్ గదా, గందుకు ఇస్తుండేమో అనుకున్న. ఇప్పుడేంది, వాపస్ అడుగుతవా? కోళ్లు తిన్నయ్. పోయి కోళ్లను అడుగు."

"కోళ్ల సంగతి ఇడువు. తిన్న బస్తా కోసం రాలే. ఆ బస్తా ఎవలూ దొంగిలించలేదని నువ్వొక్క మాట పటేలుకు జెప్పాలె. లేకుంటే మా ముఠా మొత్తం రోడ్డు మీద వడ్తది."

ఆమె నడుము మీది చెయ్యి దింపింది. పెద్దబాపు ఆమెకూ తెలుసు. ఆమె పెళ్లినాటి నుంచి ఆ ఫారానికి దాణా దింపింది ఆయనే. "ఎప్పుడు జెప్పమంటే గప్పుడు జెప్త" అంది.

రెండో ఫారం ఓనరు ముసలాయన, గట్టివాడు. మా దగ్గర ఒక్క గింజ ఎక్కువ రాలేదు అన్నాడు. వాదించలేదు. సరే కాకా అని ట్రాలీ ఎక్కబోతూ, "ఇయ్యాల్టి నుంచి చీటీల ఎన్నుంటే అన్నే దిగుతయ్, గది జెప్పిపోదామని వచ్చిన" అన్నాను.

"గట్లెట్ల? రోజూ ఒకటి ఎక్కువనే ఇస్తిరి గద!"

డ్రైవర్ స్టీరింగ్ మీద తల పెట్టుకుని నవ్వాడు. ముసలాయన కూడా చివరికి నవ్వక తప్పలేదు. "మస్తు తెలివిదానివి, సదువుకున్నవా?" అన్నాడు. "లేదు కాకా, గందుకే టైం దొరికింది" అన్నాను. ఆ రోజు మొత్తం ఫారాలన్నీ తిరిగాను. ఒకాయన గేటు తీయలేదు. సాయంత్రం తిరుగు ట్రాలీలో మళ్లీ పోయాను, తీశాడు.

నెలాఖరు పొద్దున పటేలు వచ్చాడు, మేడం వచ్చింది. మొత్తం సరుకు లెక్కపెట్టారు. నా గడి ఎన్ని తక్కువ అందో అన్నే తక్కువ. పటేలు కుర్చీ లాక్కుని కూర్చుని పెద్దబాపును పిలిచాడు. ముఠా అంతా వెనక నిలబడింది. నేను బల్ల దగ్గర నుంచి లేచాను.

"పటేలా, ఒక్క ట్రాలీ నింపేదాక ఓపిక వట్టు. నేను జెప్ప, నువ్వే సూడు."

బావను పలకమన్నాను. పాపం, చెమటలు పట్టాయి. చెక్క మీద చెయ్యి వేశాడు, అలవాటున కళ్లు మూసుకున్నాడు, లాభం అన్నాడు. మొదటి హమాలీ కాళ్లు కదిలాయి. బస్తా ట్రాలీలో పడింది. బావ కళ్లు తెరిచి ఒకటి అన్నాడు. పటేలు కుర్చీలోంచి సగం లేచాడు. పెద్దబాపు నోరు తెరుచుకుంది.

"ఓరి నీ! నా ముందట ఒక్కసారన్న గిట్ల లెక్కవెట్టకపోతివేందిరా?"

"నువ్వుంటే నువ్వే పలుకుతవు గద మామా," అన్నాడు బావ, ఏడుపు గొంతుతో. "నువ్వు లేనప్పుడే గద నేను."

మేడం ట్రాలీ వరుసలు చూపించింది. నేను ఫారం ఆమెకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను. కొసరు సంగతి ఆమె నోటనే వినిపించింది, కోళ్లను అడగమన్న మాటతో సహా. మిగతా ఫారాలకు కూడా కలుపుతానంటే పటేలు చాలు అన్నట్టు చెయ్యి ఊపాడు. తర్వాత కాంట్రాక్టర్‌కు ఫోన్ చేసి, అవసరం లేదని చెప్పాడు. లేచి కారు దిక్కు నడిచాడు.

పెద్దబాపు కదల్లేదు. "పటేలా, ఆగు."

పటేలు ఆగాడు.

"నలుగుట్ల, గిందరి ముందట దొంగ అన్నట్టే అంటివి. నలుగుట్ల కాదను. గది అయినంకనే నేను బస్తా ముడ్త."

పని దక్కింది కదా, ఇక ఊరుకోవచ్చు కదా అని తమ్ముడొకడు ఆయన చెయ్యి లాగాడు. పెద్దబాపు చెయ్యి విదిలించుకున్నాడు. పటేలు ముఖంలో రంగులు మారాయి. ఎవరితోనూ అలా అనిపించుకున్న మనిషి కాదు. ఏం చెయ్యాలో తెలియక నా వైపు చూశాడు.

"పటేలా, ఓట్లప్పుడు మైకుల గింతకంటె పెద్ద పెద్ద మాటలే అంటవు గద. గీ చిన్న మాటకు మైకు గూడ అక్కర్లే" అన్నాను.

మేడం నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. పటేలు నన్ను గుర్రుగా చూశాడు, తర్వాత ముక్కుతో నవ్వాడు. వెనక్కి నడిచి వచ్చి పెద్దబాపు ముందు నిలబడ్డాడు. అందరికీ వినబడేలా అన్నాడు. "నీది తప్పులేదు. నేనన్నదే తప్పు. ఇగ పని సూడు."

పెద్దబాపు తల ఊపి, తువ్వాల భుజం మీద వేసుకుని ట్రాలీ వెనక్కి పోయాడు. ముందు అల్లుణ్ని పక్కన నిలబెట్టుకున్నాడు. బస్తా మీద చెయ్యేసి లాభం అనాలి, కళ్లు తెరిచే అనాలి, దేవుడికి అది వినబడుతుంది అని చెప్పాడు. బావ ఒప్పుకున్నాడు గానీ, మొదట్లో కళ్లు మరీ ఎక్కువ తెరిచి పలికేవాడు, ట్రాలీ డ్రైవర్లు జడుసుకునేవాళ్లు.

ఆ సాయంత్రం పని అయ్యాక పెద్దబాపు నా బల్ల దగ్గరికి వచ్చాడు. చాయ్ అడగలేదు. తెర వైపు వేలు చూపించాడు.

"గిండ్ల నేను పలికినయ్ యాడున్నయ్?"

గరాటు బొమ్మ నొక్కి ఆయనవి మాత్రం ఉంచాను. పై నుంచి కిందికి ఒక్క ఎరుపు లేకుండా ఖాళీ గళ్లు. ఆయనకు అంకెలు రావు. కానీ ఖాళీ తెలుసు. చాలాసేపు చూశాడు.

"కిందికి ఇంకా ఉన్నదా?"

"నువ్వు పలికినంత దూరం ఉంటది పెద్దబాపు."

"గీ నిలువు వరుస ఉండనియ్యి. తీసెయ్యకు. రోజూ పని అయినంక వచ్చి సూస్త."

"సూసి ఏం జేస్తవ్?"

"సూస్త" అన్నాడు మళ్లీ. స్టూలు లాక్కుని కూర్చుని, మోకాలు రుద్దుకుంటూ, చాయ్ పొయ్యమని కేటిల్ వైపు గడ్డం ఊపాడు. పోశాను. ఒక గుక్క తాగి ముఖం చిట్లించాడు.

"సక్కెర ఎక్కువేసినవ్."

"కొసరు" అన్నాను.

నవ్వలేదు. గ్లాసు ఖాళీ చేసి, ఇంకొకటి పొయ్యమన్నాడు.